బంగారం జాడకు తెలుగు మాట: ‘నిక్షేపం’, ‘అసంగతి’ – ఒక పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:
వాగు ఒండ్రులోనూ నేలమట్టిలోనూ ఉండే మూలకాల కొలతలను గణాంక పద్ధతులతో పరిశీలించి, బంగారం ఉండదగిన తావులను గుర్తించడం నేటి ఖనిజాన్వేషణలో తొలిమెట్టు. ఈ దశలో వచ్చిన ఫలితాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘బంగారు నిక్షేపాలు’ అనడం పరిపాటి అయింది. శాస్త్రఫలితంలో ఉన్న సందేహాన్ని ఆ మాట తుడిచివేస్తున్నదనీ, అంతకంటె దీటైన మాట తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ అలంకారశాస్త్రంలోనూ ముందే ఉన్నదనీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బంగారం, భూరసాయన అన్వేషణ, గణాంక విశ్లేషణ, నిక్షేపం, అసంగతి, అష్టభోగాలు, పరుసవేది, పరిభాష.

1. ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. మూడూ పూర్వపు వరంగల్ జిల్లాతో ముడిపడినవే అయినా మూడింటి నేలా ఒకటి కాదు. జనగామ వైపు గ్రానైటు, నైసు రాళ్ల గుట్టలు. మహబూబాబాద్ తూర్పుభాగానికి వచ్చేసరికి పాఖాల అవక్షేప శిలలు, బయ్యారం ఇనుపరాయి. భూపాలపల్లిలో గోండ్వానా ఇసుకరాయి, దాని పొరల్లో సింగరేణి తవ్వుతున్న బొగ్గు. నీరు కూడా రెండు దిక్కులకు పోతుంది. ఆకేరు, మున్నేరు కృష్ణ వైపు నడిస్తే, మోరంచవాగు వంటివి గోదావరి వైపు మళ్లుతాయి.

ఇటువంటి నేలలో ఏ మూలకం ఎక్కడ ఎంత ఉన్నదో తెలుసుకొనేందుకు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూరసాయన పటాల కార్యక్రమాన్ని నడుపుతున్నది. దేశాన్ని గళ్లుగా విభజించి, చదరపు కిలోమీటరుకు ఒకటి చొప్పున వాగు ఒండ్రు నమూనాలు తీసి, నాలుగింటిని కలిపి ఒక్కటిగా పరీక్షించడం దీని పద్ధతి. అంటే పటంలో కనిపించే ఒక్కొక్క అంకె రెండు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు గల గడికి ప్రతినిధి. ఆ అంకెల మీద గణాంక విశ్లేషణ జరుగుతుంది. ఎక్కడ మళ్లీ దగ్గరగా వెతకాలో విశ్లేషణ చెబుతుంది. అది చెప్పేది అంతవరకే.

ఆ అంతవరకే చెప్పిన మాట తెలుగులోకి వచ్చేసరికి ఏమవుతున్నదన్నది ఇక్కడి ప్రశ్న. ఇది శాస్త్రజ్ఞులకు సంబంధించిన విషయమని సాహిత్య విద్యార్థి పక్కన పెట్టడానికి వీల్లేదు. పొరపాటు జరుగుతున్నది ప్రయోగశాలలో కాదు, పదంలో.

2. నిక్షేపం: దాచినవాడు ఉన్న మాట

ఇంగ్లీషులో ‘డిపాజిట్’ అనే భూగర్భశాస్త్ర పదానికి తెలుగులో ‘నిక్షేపం’ స్థిరపడింది. ‘క్షిప్’ ధాతువుకు విసరడం, ఉంచడం అని అర్థాలు. ‘ని’ చేరితే లోపల ఉంచడం. కనుక నిక్షేపానికి ఒక కర్త ఉండాలి. ఎవరో ఒకరు దాచి ఉండాలి. వాడుకలోనూ ఆ భద్రతా భావమే నిలిచింది. ‘నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకొన్నాడు’ అన్నా, ‘నిక్షేపంగా వెళ్లిరా’ అన్నా అందులో అనుమానానికి తావులేదు. తెలుగులో ఇంత నిశ్చయం నింపుకొన్న నామవాచకాలు కొద్ది.

భూదాన శాసనాల భాషను చూస్తే ఈ పదం సంగతి ఇంకా తేటపడుతుంది. దానం పొందినవాడికి సంక్రమించే అష్టభోగాలు నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఈ జాబితా రాసిన లేఖకులు నిక్షేపాన్నీ పాషాణాన్నీ వేరువేరుగా చెప్పారు. మనిషి దాచినది ఒక హక్కు, నేలలో సహజంగా ఉన్న రాయి వేరొక హక్కు. ఆధునిక చట్టంలోనూ ఈ తేడా ఉంది. పాతిపెట్టిన ధనానికి 1878 నాటి చట్టం, ఖనిజాలకు 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం వర్తిస్తాయి. శాసనమూ చట్టమూ విడదీసిన రెండింటిని నేటి తెలుగు ఒక్క మాటలో కలిపేసింది.

దీని ఫలితం మాటలతో ఆగదు. గుప్తనిధుల కోసం పాత గుళ్లను, శిథిలమైన గడీలను తవ్విన ఘటనలు ఓరుగల్లు చుట్టుపట్ల కొత్తవి కావు. లింగాన్ని పెళ్లగించినవాడు వెతికేది నిక్షేపాన్నే. ‘మీ మండలంలో బంగారు నిక్షేపాలు’ అన్న వార్త చదివిన మనిషికి మనసులో మెదిలేది ఆ లంకెబిందె. టన్ను మట్టిలో కొన్ని మిల్లీగ్రాముల లోహం కాదు. భూమి ధర పెరుగుతుందని ఒకడు ఆశపడతాడు, ఊరు లేచిపోతుందని ఇంకొకడు భయపడతాడు. ఆ భయం అకారణం కూడా కాదు. ఊరి కింద ఖనిజం ఉంటే ఏమవుతుందో ఓపెన్‌కాస్టు గనుల పక్కన బతికే భూపాలపల్లి వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు.

3. అంకెల స్వభావం

తెలుగులో బంగారానికి సంబంధించిన పదసంపద దాదాపు అంతా కంసాలి కుంపటి దగ్గర పుట్టింది. వన్నె, మేలిమి, అపరంజి, కుందనం అన్నీ శుద్ధతను చెబుతాయి. గురిగింజ, తులం, వీసం తూకాన్ని చెబుతాయి. చేతికి వచ్చిన బంగారాన్ని పరీక్షించే ఒరగల్లు ఉంది. ఇంకా చేతికి రాని బంగారాన్ని గురించి మాట్లాడే భాష లేదు. భూరసాయన విశ్లేషణకు కావలసింది సరిగ్గా ఈ రెండో రకం భాష.

ఇక్కడ కొలత పీపీబీ. వంద కోట్ల భాగాల్లో ఒక భాగం, అంటే టన్నుకు ఒక మిల్లీగ్రాము. సామాన్యమైన నేలరాళ్లలో బంగారం కొద్ది పీపీబీలే ఉంటుంది. గని తవ్వకానికి యోగ్యమైన రాయిలో మామూలుగా టన్నుకు గ్రాముల్లో ఉండాలి, అంటే వేల పీపీబీలు. వాగు ఒండ్రులో మామూలుకంటె పదిరెట్లు కనిపించినా అది గనికి చాలా దూరం.

పైగా ఈ అంకెలు సమంగా పరుచుకొని ఉండవు. చాలా నమూనాల్లో విలువ అతి స్వల్పం, కొన్నిటిలో పరికరం పట్టగలిగిన హద్దుకు కూడా దిగువ. ఎక్కడో ఒకదాంట్లో హఠాత్తుగా పెద్ద అంకె వస్తుంది. ఊహకు పది నమూనాలు తీసుకొంటే, తొమ్మిదింటిలో 2 పీపీబీ, ఒకదానిలో 100 పీపీబీ ఉన్నదనుకొందాం. సగటు 11.8. ఆ సగటు ఉన్న నమూనా పదింటిలో ఒక్కటీ లేదు. మధ్యగతం మాత్రం 2. ‘సగటు మనిషి’ అనే మాటను ఎంతో ఇష్టంగా వాడే తెలుగు సాహిత్య విమర్శకు ఈ లెక్క పనికివస్తుంది. సగటు ఎవరికీ ముఖం కాకపోవచ్చు. మూలకాల విలువల కంటె వాటి లాగరిథంలు సమరూపంగా పరుచుకొంటాయని ఎల్.హెచ్. ఆరెన్స్ 1954లో వాదించినప్పటినుంచి, లెక్కకు ముందు అంకెలను లాగరిథంలుగా మార్చడం వాడుకలోకి వచ్చింది. ఆ వాదం అన్నిచోట్లా నిలబడలేదు గాని అలవాటు మిగిలింది.

ఆ ఒక్క పెద్ద అంకెకు కారణం తరచుగా ఒక్క రేణువు. మూటలో పడ్డ చిన్న బంగారు పలుకు విలువను ఎగదోస్తుంది. అదే చోట మళ్లీ తీస్తే ఏమీ ఉండదు. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల అంకెల మీద డి.జి. క్రిగ్ 1951లో చేసిన పని నుంచి వికసించిన భూగణాంకశాస్త్రంలో ఈ స్థానిక చాంచల్యానికి ఒక పేరుంది. తెలుగులో దాన్ని ‘పలుకు ప్రభావం’ అనవచ్చు. వక్కపలుకు అన్నప్పటి పలుకు ఇది.

మామూలు ఎంత, అసాధారణం ఎంత అని తేల్చే హద్దు ఎక్కడ గీయాలి? హాక్స్, వెబ్ 1962లో ప్రచురించిన గ్రంథం ద్వారా ప్రచారమైన పద్ధతి సులువైనది. సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు కలిపితే వచ్చేది హద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. విలువలు ప్రసామాన్యంగా పరుచుకొన్నప్పుడు ఆ హద్దుకు పైన ఉండేవి నూటికి సుమారు 2.3 వంతులు. కనుక బంగారం జాడే లేని నేలలో వెయ్యి నమూనాలు తీసినా ఇరవైమూడు ‘అసాధారణం’గా తేలుతాయి. సూత్రమే వాటిని పుట్టించింది. దీన్ని గుర్తించి మధ్యగతం ఆధారంగా హద్దు గీసే పద్ధతులు తరువాత వచ్చాయి. అయినా హద్దు గీసేవాడి నిర్ణయం అందులో ఉండకుండా పోలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నమూనాలను ఒకే కుప్పగా పోసి ఒకే సగటు తీస్తే మరొక తప్పు జరుగుతుంది. గ్రానైటు నేల, పాఖాల నేల, బొగ్గు పొరల ఇసుకరాయి నేల – దేని సహజస్థాయి దానిది. ఒక నేలకు మామూలైన విలువ పక్క నేల హద్దును దాటవచ్చు. అప్పుడు పటం మీద ఎర్రగా వెలిగేది ఖనిజం కాదు, శిల మారిన సరిహద్దు. ‘బ్యాక్‌గ్రౌండ్’ అనే పదానికి తెలుగులో ‘నేపథ్యం’ అని రాసేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి. నేపథ్యం తెర వెనుకది. ఇక్కడి సంగతి నేల తన స్వభావంలో ఎలా ఉన్నదన్నది. ‘సహజస్థాయి’ అంటే రైతుకు కూడా తెలుస్తుంది. అలాగే ‘త్రెషోల్డ్’ను గడప అని మార్చడం కృతకం. హద్దు అన్న మాట ఉండగా గడప దాకా పోనక్కరలేదు.

బంగారం ఇంత చంచలం కనుక దాని తోడు మూలకాలను కూడా చూస్తారు. ఆర్సెనిక్, యాంటిమొని, బిస్మత్, టంగ్‌స్టన్ వంటివి బంగారంతోపాటు పెరిగితే ఆశ బలపడుతుంది. వీటిని ‘జాడ మూలకాలు’ అనడం సబబు. తప్పిపోయిన పశువు జాడ తీసినట్టే ఇది. ఆర్సెనిక్‌కు తెలుగులో పాషాణం అనే పాతపేరుంది. దాని పసుపుపచ్చని గంధకమిశ్రమం హరిదళం, వ్యవహారంలో అరిదళం. లాటిన్‌లో ఆ హరిదళానికి ‘బంగారు రంగు’ అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. రసవాదులు రంగుచూసి కల్పించుకొన్న చుట్టరికాన్ని గణాంకశాస్త్రం సహసంబంధ గుణకంగా కొలుస్తున్నది. కొలిచినంత మాత్రాన నమ్మదగినదీ కాదు. ఇనుము అధికంగా ఉన్న మట్టి బంగారం లేకుండానే ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతుంది. అన్ని మూలకాల మొత్తం నూరుశాతమే కావలసి ఉండటం వల్ల ఒకటి పెరిగితే మిగిలినవి తగ్గితీరాలి. ఆ కారణంగా లేని బంధుత్వాలు కనిపిస్తాయని జాన్ ఐచిసన్ 1986 నాటి తన గ్రంథంలో సవిస్తరంగా చర్చించారు.

4. అసంగతి: పాఠ్యపుస్తకంలో ఒకటి, అలంకారశాస్త్రంలో ఒకటి

హద్దు దాటిన విలువను ఇంగ్లీషులో ‘అనామలీ’ అంటారు. సర్వే పత్రాల్లో ఉండేది ఈ మాట, పత్రికల్లో నిక్షేపంగా మారేదీ ఇదే. దీనికి తెలుగు పదం వెతకనక్కరలేదు. బడిలో చదువుకొన్న ప్రతివాడికీ ‘నీటి అసంగత వ్యాకోచం’ తెలుసు. నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నీరు మామూలు ద్రవాల దారి తప్పడాన్ని వర్ణించడానికి పాఠ్యపుస్తకాలు ఎన్నుకొన్న విశేషణం ‘అసంగత’. దాని నుంచి ‘అసంగతి’ సహజంగా వస్తుంది.

కాని ఈ పదానికి అంతకంటె బలమైన ఆధారం వేరే ఉంది. అలంకారశాస్త్రంలో అసంగతి ఒక అర్థాలంకారం. కారణం ఒకచోట, కార్యం వేరొకచోట ఉన్నట్టు చెప్పడం దాని లక్షణం. అప్పయ్యదీక్షితుల కువలయానందంలో దీనికిచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం: మేఘాలు విషం తాగితే ప్రవాసంలో ఉన్నవారి భార్యలు మూర్ఛపోయారట. విషశబ్దానికి నీరు అనే అర్థం కూడా ఉందని తెలిశాక విరోధం తొలగిపోతుంది. విరోధం పైకి మాత్రమే. ఆలోచిస్తే సంగతి కుదురుతుంది. ఆ కుదుర్చుకొనే పని పాఠకుడిది.

వాగు ఒండ్రులో తేలిన బంగారపు అంకె స్వరూపం సరిగ్గా ఇదే. అంకె దిగువన ఉంటుంది, దానికి కారణమైన రాయి ఎగువన ఎక్కడో ఉంటుంది. గుట్టమీద రాయి శిథిలమై, వానకు కొట్టుకొచ్చి, వంపులో ఆగిన ఒండ్రును మనిషి పట్టుకొన్నాడు. నమూనా తీసిన చోట గుంత తవ్వితే ఏమీ దొరకదు. ‘ఫలానా ఊళ్లో బంగారం’ అనే వార్త తప్పేది ఇక్కడ. ఆ ఊరు కార్యస్థానం మాత్రమే, కారణస్థానం కాదు. పరిశోధకుడు వాగు వెంట ఎగువకు నడవాలి, పాయ చీలినచోటల్లా మళ్లీ నమూనా తీయాలి. ‘అసాధారణత’ అనే పర్యాయపదం కూడా వినిపిస్తుంది గాని, అందులో ఈ దేశభేదం లేదు. ‘నిక్షేపం’లో అసలే లేదు, దాచినది దాచినచోటనే ఉంటుంది కదా.

ఈ ప్రాంతంలో కార్యకారణాల దూరం మరింత చిక్కుపడటానికి స్థానిక చరిత్ర ఒక కారణం. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు వాగుల ఒండ్రును మెట్టుమెట్టుగా పట్టి ఆపుతాయి. కట్టకు దిగువన తీసిన నమూనాలో ఎగువ గుట్టల సమాచారం పూర్తిగా ఉండదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాల్లో చల్లారు. పంటకు మంచిదే. భూరసాయన పటానికి మాత్రం, ఒక నీటిపరీవాహం నుంచి చేరిన మట్టి మరొక గట్టున పరుచుకొన్నట్టయింది. అటువంటి పొలంలో కనిపించిన అంకెకు కారణం ఎగువ గుట్టలో కాదు, ట్రాక్టరు వచ్చిన దారిలో ఉంటుంది. 2023 జులైలో మోరంచపల్లిని ముంచినటువంటి వరద ఒక్కరాత్రిలో వాగు ఒండ్రును తిరగరాస్తుంది. విశ్లేషణ చేసేవాడికి గణితంతోపాటు చెరువు శిఖం, అలుగు, పూడిక ఎక్కడివో తెలిసి ఉండాలి.

5. పరుసవేది కథ

ఈ నేలకు బంగారం కనుగొన్న కథ ఒకటి ముందునుంచే ఉంది. ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్ర ప్రకారం ప్రోలరాజు కాలంలో హనుమకొండకు పోతున్న బండి ఒకటి దారిలో ఒరిగిపోగా, దాని చక్రపు ఇనుము బంగారమైంది. రాజుకు కబురందింది. వెతికించగా పరుసవేది లింగం బయటపడింది, అక్కడే గుడి, దాని చుట్టూ ఓరుగల్లు వెలిశాయి. చరిత్రకారులు దీన్ని ఐతిహ్యంగానే చూస్తారు. కాకతీయుల సంపదకు, చెరువులూ కోటలూ కట్టగలిగిన శక్తికి ప్రజలు చెప్పుకొన్న కారణం ఇది.

కథాసంవిధానాన్ని గమనిస్తే ఇది అన్వేషణ కథే. ముందు కార్యం కనిపించింది, ఆ తరువాత కారణాన్ని వెతికారు. చక్రం ఒండ్రు నమూనా వంటిది, లింగం మూలశిల. అయితే ఇక్కడ నమూనా ఒక్కటి, దొరికినది నూటికి నూరుపాళ్లు. ఇతర బండ్ల చక్రాలు ఇనుముగానే మిగిలిన సంగతి కథకు అక్కరలేదు. గణాంకశాస్త్రం బతికేదేమో ఆ ఇనుముగా మిగిలిన చక్రాల మీద. వాటిని లెక్కపెట్టకుండా బంగారమైన చక్రానికి అర్థం చెప్పలేదు. నేటి వార్తాకథనం రూపంలో ప్రతాపరుద్ర చరిత్రకు దగ్గర, సర్వే పత్రానికి దూరం. పాఠకుడికి పరిచితమైన కథాచట్రంలో కొత్త సమాచారం ఒదిగిపోతుంది. పాత కథను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అది తాను శాస్త్రమని చెప్పుకోలేదు.

6. నిల్వ, వనరు, సిద్ధం, సాధ్యం

పదం జారితే అంకె ఎంత జారుతుందో 2020 ఫిబ్రవరిలో దేశం చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో మూడువేల టన్నులకు పైగా బంగారం ఉన్నదని వార్త వచ్చింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని ఖండించి, తమ అంచనా 52,806.25 టన్నుల ముడిరాయి అనీ, టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారమనీ వివరించింది. గుణిస్తే సుమారు 160 కిలోలు. ముడిరాయికీ లోహానికీ, వనరుకూ నిల్వకూ భేదం పాటించని భాషలో ఇటువంటిది జరగడం ఆశ్చర్యం కాదు.

2015 నాటి ఖనిజ నియమాలు అన్వేషణను నాలుగు అంచెలుగా విభజించాయి. జీ4 ప్రాథమిక పరిశీలన, జీ3 తొలి అన్వేషణ, జీ2 సాధారణ అన్వేషణ, జీ1 సవివర అన్వేషణ. వాగు ఒండ్రు నమూనాల పని జీ4కు చెందినది. ఖనిజం ఉన్నదని తేలాక కూడా అది ‘వనరు’ మాత్రమే. లాభదాయకంగా, చట్టబద్ధంగా తవ్వి తీయగలమని రుజువైన భాగమే ‘నిల్వ’. తెలుగు పత్రికలు రెండింటికీ నిల్వలనే రాస్తాయి. బయ్యారం ఇందుకు దగ్గరి నిదర్శనం. అక్కడ ఇనుపరాయి ఉన్నదన్నది నిజం. 2014 నాటి పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని రాశారు. ప్రజలు విన్నది కర్మాగారం, చట్టంలో ఉన్నది పరిశీలన. ఆ రెంటి నడుమ ఉన్న ఎడాన్ని మహబూబాబాద్ జిల్లా ఇప్పటికీ మోస్తున్నది.

అష్టభోగాల్లో చివరి రెండూ ఇక్కడ పనికివస్తాయి. సిద్ధం ఇప్పటికే చేతికందినది, సాధ్యం ఇకపై సాధించుకోదగినది. నిల్వను ‘సిద్ధ నిల్వ’ అనీ, వనరును ‘సాధ్య వనరు’ అనీ వ్యవహరిస్తే శాసనభాషలోని ఒక సూక్ష్మభేదం తిరిగి వాడుకకు వస్తుంది. కొత్త మాటలు కల్పించే శ్రమ కూడా తప్పుతుంది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు కాలం నుంచి తెలుగు శాస్త్రపరిభాష ఎక్కువగా సంస్కృత సమాసాల వైపు మొగ్గింది. ఆ మొగ్గులో దోషం లేదు. ఎన్నుకొన్న సంస్కృత పదం తెలుగులో ఇప్పటికే ఏ అర్థంతో బతుకుతున్నదో చూడకపోవడంలో దోషం ఉంది.

జీ4 ఫలితాన్ని విలేఖరి ఇలా రాయవచ్చు: ‘వాగు ఒండ్రు నమూనాల్లో బంగారం విలువ ఆ నేల సహజస్థాయిని దాటి కనిపించింది. ఈ అసంగతికి కారణమైన రాయి ఎగువన ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తేల్చడానికి మళ్లీ నమూనాలు తీయవలసి ఉంది.’ ఇది శీర్షికలో ఇమడదన్న అభ్యంతరం సహజమే. ‘వాగు ఒండ్రులో బంగారం అసంగతి’ అంటే నాలుగు మాటల్లో ఇముడుతుంది.